మిట్టమధ్యాహ్నం దయ్యం సినిమా

దయ్యం సినిమాను నేను ఏనాడూ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. అయినా వాటి మీద నాకున్నన్ని అభిప్రాయాలు తీసినవాళ్లకు కూడా ఉండవు. సగం సినిమా కొంగు చాటు నుంచి చూస్తాను. ఇంకొంత కళ్లు మూసుకుని వింటాను. మిగిలినదంతా మా ఆయన బనియన్ వైపు చూస్తూ గడుపుతాను, అది పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అని. ఆయనకు గుండె జబ్బు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం దయ్యం సినిమా. బీడీ లేదు, మందు లేదు, పేకాట లేదు. అందరూ నా అదృష్టం అంటారు. ఆ అదృష్టం ఎట్లా అఘోరించిందో నాకే తెలుసు.

మాది పాల్వంచ. ఆయనది థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని. కంపెనీ కాలనీ గోడకు ఇవతల కిరాయి ఇళ్ల గల్లీ ఒకటుంది, అందులో ఉంటాం. గల్లీలో ఏ ఇంట్లో చూసినా ఒక షిఫ్టు మనిషి ఉంటాడు. నైట్ డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకునేవాళ్ల కోసం కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటిస్తాం. గేటుకు తువ్వాల కడతాం. తువ్వాల కనబడిందంటే లోపల డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడని అర్థం. ఇక ఆ గేటు ఎవరూ కొట్టరు. కూరగాయల బండివాడు అక్కడికి రాగానే కేక ఆపేసి, రెండిళ్లు దాటాక మళ్లీ అందుకుంటాడు. మా అక్క ఒకసారి చెప్పాపెట్టకుండా వస్తే, పక్కింటివాళ్లే తమ వరండాలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు గానీ మా గేటు కొట్టనివ్వలేదు. ఇది మా గల్లీ మర్యాద. నాకు అది ఎప్పుడూ గొప్పగానే అనిపించేది.

ఆయన మధ్యాహ్నం లేస్తాడు. స్నానం, అన్నం అయ్యాక మళ్లీ ఒక కునుకు తీసి డ్యూటీకి పోతాడు కాబట్టి తువ్వాల సాయంత్రం దాకా అట్లానే ఉంటుంది. ఆ మధ్యలో సినిమా. బయట ఎండ పెటపెటలాడుతుంటుంది. లోపల నల్ల కాగితాల పుణ్యమా అని అమావాస్య చీకటి.

"గింత మంచి చీకటి ఉత్తగ పోనిస్తమా? వచ్చి కూసో" అంటాడు.

"నాకు పనుంది. నువ్వు చూసుకో."

"ఒక్కన్నే చూస్తే ఏం మజా ఉంటదే? నువ్వు అరిస్తెనే సినిమా."

అదీ సంగతి. ఆయన చూసేది తెర మీది సినిమా కాదు, నన్ను. నేను కెవ్వుమనడం, ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. వెరవకుండా ఉండటానికి నేనేమన్నా వీరనారినా? వచ్చి కూర్చునేదాన్ని, అరిచేదాన్ని. గల్లీ అంతా వినేది. మర్నాడు నల్లా దగ్గర అందరూ నన్ను చూసి మూతులు మూసుకుని నవ్వేవాళ్లు. మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి అక్క మరీను. వాళ్లాయనది బజారులో పరుపులు కుట్టే దుకాణం. పెద్ద మనసున్న మనిషి, పెద్ద గొంతున్న మనిషి కూడా. "నిన్న ఎన్ని దయ్యాలొచ్చినయ్ చెల్లె? ఒక్కటన్నా మా ఇంటికి పంపకపోయినవ్, గిన్నెలు తోముతుండె" అనేది.

ఈ పిరికితనం నాకు కొత్తగా వచ్చింది కాదు. వైరా దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు టూరింగ్ టాకీసు ఉండేది. అక్కడ దయ్యం సినిమా ఆడిందంటే వారం రోజులు పెరట్లోకి ఒంటరిగా పోయేదాన్ని కాదు. కానీ ఇప్పుడు తలచుకుంటే పాత సినిమా దయ్యానికి ఎంత మర్యాద తెలుసో అనిపిస్తుంది. వచ్చే ముందు ఎన్ని కబుర్లు పంపేదని! ముందు కుక్క ఏడ్చేది. తర్వాత గాలి వచ్చి కిటికీ రెక్క కొట్టుకునేది. లాంతరు పట్టుకున్న ముసలి కాపలాదారు "ఆ బంగళాకు పోకండి బాబూ" అని బతిమాలేవాడు. గజ్జెల చప్పుడయ్యేది. ఆపైన ఒక పాట, పల్లవి చరణాలతో సహా. ఇంత తతంగం అయ్యాక తెల్ల చీర వచ్చేది. చచ్చి ఎన్నేళ్లయినా ఆ చీర మాత్రం ఇస్త్రీ నలగదు. కళ్లు మూసుకోవడానికి మనకు బోలెడంత వ్యవధి ఉండేది.

పైగా ఆ దయ్యానికి ఒక న్యాయం ఉండేది. ఎవడో ఆమెను మోసం చేసి చంపి ఉంటాడు. వాడి కోసమే వస్తుంది. వాడు కొండ మీద నుంచి పడి చస్తాడు, ఆమె పొగలో కలిసిపోతుంది, ఇంటికొచ్చి మనం అన్నం తింటాం. తప్పు చెయ్యనివాళ్ల జోలికి దయ్యం రాదని నేను చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను.

మధ్యలో కొన్నాళ్లు దయ్యాల చేత డాన్సులు చేయించే సినిమాలు వచ్చాయి. కమెడియన్లంతా ఒక ఇంట్లో చేరి మంచం కింద దూరడం, దయ్యం వాళ్ల చెంపలు వాయించడం. నాకు అవి ఎంత హాయిగా ఉండేవో! మా ఆయనకు మాత్రం ఒళ్లు మండేది. "దయ్యం పరువు తీస్తున్నరు" అని టీవీ బంద్ చేసేవాడు. దయ్యం పరువు పోతే ఈయనకేం నొప్పో!

అసలు పేచీ ఇప్పటి సినిమాలతో. వీటిలో ముందస్తు కబురు ఉండదు. సినిమా అంతా గుసగుసలే. ఏమంటున్నారో వినబడక మనం సౌండ్ పెంచుతాం, సరిగ్గా అప్పుడు ధడాల్మని మీద పడతారు. తలుపు వెనక నిలబడి ‘భో’ అనడానికి ఇన్ని లక్షలు ఖర్చు పెట్టాలా? అది భయపెట్టడం కాదు, దొంగదెబ్బ తీయడం. అయితే దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఇప్పటి దయ్యానికి కారణం అక్కర్లేదు. ఏ పాపమూ ఎరగని మొగుడూ పెళ్లాలు ఒక ఇల్లు కిరాయికి తీసుకుంటారు. అంతే వాళ్లు చేసిన తప్పు. కిరాయి ఇంట్లో కూర్చుని ఆ సినిమా చూడటం ఎంత నరకమో సొంతిల్లున్నవాళ్లకు తెలియదు.

కొత్తగా ఇంకో తెగులు కూడా పట్టుకుంది. అడవి ఊరు చూపించడం, అక్కడొక ముసలమ్మకు పూసలు వేసి, ముందు నిమ్మకాయలు పెట్టి చేతబడి అనడం. అది చూస్తే నాకు భయం కంటే ముందు కోపం వస్తుంది. మా అమ్మమ్మ వాళ్లది భద్రాచలం అవతల అడవి అంచు ఊరు. ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు తెల్లవారుతూనే అక్కడి అడవి పల్లెల ఆడవాళ్లతో కలిసి ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాళ్లం. వాళ్లు ఏరుతున్నంతసేపూ ఒకరినొకరు వాళ్ల భాషలో పిలుచుకుంటూనే ఉండేవాళ్లు. ఎందుకింత లొల్లి అని అడిగాను.

"ఎలుగ్గొడ్డుకు గూడ ఇప్పపువ్వంటే ఇష్టమే బిడ్డా. మనుషులున్నరని దానికి తెల్వాలె" అంది అమ్మమ్మ.

ఎవరి గొంతయినా కాసేపు వినబడలేదంటే అందరి చేతులూ ఆగిపోయేవి. ఆమె మళ్లీ పలికేదాకా ఎవరూ పువ్వు ముట్టేవాళ్లు కాదు. ఆ క్షణంలో నా అరికాళ్లలోంచి చలి పుట్టుకొచ్చేది. అట్లాంటి భయం ఏ సినిమావాడూ ఇంతవరకు తీయలేదు. వాళ్లకు నిమ్మకాయలు దొరికితే చాలు.

కిందటేడు డ్యూటీలో మెట్లెక్కుతుండగా మా ఆయనకు రొమ్ములో పట్టేసినట్టయింది. కంపెనీ దవాఖానాలో పరీక్షలు చేసి, గుండె బలహీనపడిందన్నారు. మాత్రలు రాసి, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని వేరే మాత్ర ఇచ్చారు. మెట్ల పని తప్పించి కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. నేను డాక్టరు ముందు నోరు తెరవలేకపోయాను గానీ, ఇంటికి రాగానే మొదలుపెట్టాను.

"ఏందయ్యా, ఇగనన్నా ఆ దిక్కుమాలిన సినిమాలు మానుతవా లేదా?"

"డాక్టరు ఉప్పు మానుమన్నడు. దయ్యాలను మానుమన్లే."

"గుండె ఆగితే?"

"నాకెందుకు ఆగుతదే? నేను భయపడితే గద! ఆగితే నీదే ఆగాలె" అని నవ్వాడు.

నవ్వులాటకైనా అట్లాంటి మాటలు అనొచ్చా? ఆ రోజు నేను అన్నం తినలేదు. దేవుడికి దండం పెట్టుకుని, ఆయన సినిమా చూసినప్పుడల్లా పక్కనే కూర్చోవాలని నిర్ణయించుకున్నాను. అప్పటి నుంచే ఈ బనియన్ కాపలా. తెర మీద ఎవరో మెట్ల కింది గదిలోకి పోతుంటారు, నేను ఇటు ఆయన రొమ్ము వైపు చూస్తుంటాను. బనియన్ కదలడం ఒక్క రవ్వ ఆలస్యమైతే నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఏ తప్పూ చెయ్యని మనిషికి, బీడీ ముట్టని మనిషికి ఈ జబ్బేమిటి? ఎంత ఆలోచించినా కారణం దొరికేది కాదు. ఇప్పటి సినిమాలవాళ్లు నిజమే చెబుతున్నారేమో, కారణం లేకుండానే ఇంటి మీద పడేవి ఉంటాయేమో అని లోపల్లోపల వణికిపోయేదాన్ని. ఎవరితో చెప్పుకోను? చెప్తే మళ్లీ నల్లా దగ్గర నవ్వుతారు.

ఈ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది. మధ్యాహ్నం. గల్లీలో పిట్ట మనిషి లేడు. అన్ని ఇళ్లలోనూ కూలర్ల మోత. ఆయన అన్నం తిని, టీ గ్లాసు పట్టుకుని కొత్త సినిమా ఏదో పెట్టాడు. ఒక తల్లి, ఒక చంటిపిల్ల, కిరాయి ఇల్లు. ఇంకేం చెప్పాలి! ఉయ్యాల దానంతటదే ఊగడం మొదలైంది. తల్లి దాని దగ్గరికి వంగుతోంది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ధడాల్మంది. ఎప్పటిలాగే కెవ్వుమన్నాను.

ఆయన నవ్వలేదు.

నేను అరిస్తే ఆయన నవ్వకపోవడమనేది మా కాపురంలో లేదు. కళ్లు తెరిచాను. గ్లాసు పక్కకు ఒరిగి టీ అంతా లుంగీ మీద పోతోంది. వేడి టీ. ఆయన దులుపుకోవడం లేదు. తల సోఫా అంచు మీదికి వాలిపోయింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ ఎటు చూస్తున్నాయో తెలియడం లేదు. నుదుటి మీద చెమట. బనియన్ కదులుతోందో లేదో టీవీ వెలుగు మారిపోతుంటే నాకు అర్థం కాలేదు.

"ఏమయ్యా! ఏమయ్యా!" అని అరిచాను. గొంతు చించుకుని అరిచాను. సినిమాలో ఆ తల్లీ అరుస్తోంది. ఆమె అరుపు, నా అరుపు, దాని మీద ఆ దరిద్రపు మ్యూజిక్. మాత్రల డబ్బా కోసం తడిమాను. ఎట్లాగో ఒక మాత్ర ఆయన నాలుక కింద పెట్టాను. ఫోన్ తీస్తే చెమట వేళ్లకు అది తెరుచుకోలేదు. మళ్లీ అరిచాను. ఎవరైనా రండి, మా ఆయన పడిపోయాడు, ఎవరైనా రండి. ఎవరూ రాలేదు.

ఎందుకు రావడం లేదో అప్పుడు తట్టింది. అందరికీ వినబడుతూనే ఉంది. రోజూ వినే అరుపే. గేటుకు తువ్వాల ఉంది. నైట్ డ్యూటీ మనిషి ఇంటి గేటు ఎవరు కొడతారు? నా పిరికితనం చూసి గల్లీ అంతా నవ్వుకుంటూ ఉండి ఉంటుంది. ఓరి దేవుడో, వీళ్లందరి మధ్యలో ఈ మనిషి ఇట్లా పోతాడా అనుకున్నాను. అంత భయం నేను పుట్టాక ఎరగను. ఆయన్ని వదిలి గుమ్మం దాటితే, తిరిగి వచ్చేసరికి ఉంటాడో ఉండడో.

ఊపిరి ఉందో లేదో విందామని చెవి ఆయన రొమ్ముకు ఆనించాను. టీవీ మోతలో ఏమీ వినబడలేదు. రిమోట్ ఎక్కడ పడిందో కనబడలేదు. లేచి గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఇల్లంతా చప్పున నిశ్శబ్దమైంది. మళ్లీ చెవి పెట్టాను. లోపల ఎక్కడో, చాలా లోతున, కొట్టుకుంటోంది. ఉన్నాడు. ఉన్నాడని తెలియగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపుతోనే ఇంకోసారి అరిచాను.

గోడ అవతల గిన్నె కిందపడిన చప్పుడైంది. ఆపా గొంతు వినబడింది. "చెల్లె? సినిమానేనా?"

నేను జవాబు చెప్పేలోపే గేటు ధన్‌మని తెరుచుకుంది. తలమీది దుపట్టా జారిపోయి, పిండి చేతులతో ఆపా లోపలికి ఉరికి వచ్చింది. ఆయన్ని చూసి "యా అల్లా" అంది. ఇంకొక మాట లేదు. వెనక్కి తిరిగి వాకిట్లో నిలబడి వేసిన కేకకు గల్లీలో నిద్రపోయే షిఫ్టు మనుషులందరూ లేచారు. అన్నానికి ఇంటికొచ్చిన వాళ్లాయన ట్రాలీ ఆటో అక్కడే ఉంది. దాని నిండా ఎవరికో ఇవ్వాల్సిన కొత్త పరుపులు. ఆ పరుపుల మీదే మా ఆయన్ని పడుకోబెట్టారు. లుంగీలతో, బనియన్లతో నలుగురు పట్టుకుని కూర్చున్నారు. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆపా నా వీపు మీద చెయ్యి వేసి దారి పొడుగునా ఏదో చదువుతూనే ఉంది.

కంపెనీ దవాఖానాలో ఇంజెక్షన్ చేసి అంబులెన్సులో ఖమ్మం పంపారు. అక్కడ పెద్ద దవాఖానాలో రక్తనాళం మూసుకుపోయిందని చెప్పి స్టెంట్ వేశారు. వేసేంతసేపూ నన్ను తలుపు బయట కూర్చోబెట్టారు. మూసిన తలుపు, దాని వెనక ఏముందో తెలియకపోవడం. సినిమాలో అయితే కళ్లు మూసుకుంటే సరిపోయేది.

"తువ్వాల చూసి ఆగిన చెల్లె" అంది ఆపా, ఆ తలుపు ముందు నా పక్కన కూర్చుని. "మొదట అరిచినవ్, ఇన్న. మళ్ల అరిచినవ్, ఇన్న. నవ్విన కూడా. ఆఖరికి మ్యూజిక్ లేకుంట ఒట్టి నీ గొంతు ఒక్కటే వచ్చింది. అప్పుడు నా చేతిలో గిన్నె ఆగలే."

‘నవ్విన కూడా’ అన్న మాట చెప్పకుండా దాచొచ్చు. దాచలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి ఇంకా పిండి ఎండిపోయి ఉంది.

ఇంటికొచ్చాక గల్లీ వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చారు. అందరిదీ ఒకటే మాట. "మేం గూడ ఇన్నమక్కా, సినిమా అనుకున్నం." నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, మండిపోయింది. ప్రతిరోజూ అరిచిందాన్ని నేనే కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నా ఆ మంట చల్లారలేదు. టీలు మాత్రం పెట్టి ఇచ్చాను. వాళ్లూ తలలు దించుకుని తాగారు. ఇప్పుడు మా గల్లీలో తువ్వాల ఉన్నా సరే, అనుమానం వస్తే గేటు కొడుతున్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు.

ఆయన మాత్రం దయ్యం సినిమా ఊసెత్తలేదు. నేను ఇన్నేళ్లు మొక్కిన మొక్కు ఫలించినట్టే. సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం నేను వంటల ప్రోగ్రాం పెడితే కిక్కురుమనకుండా చూస్తున్నాడు. రిటైరైన ముసలోళ్ల క్రికెట్ పెడితే అదీ చూస్తున్నాడు. పడుకోమంటే పడుకుంటాడు గానీ కళ్లు మూయడు. ఎందుకని అడిగితే ఉక్క అంటాడు. ఉక్కపోత ఈయనకు ఎప్పటి నుంచి తెలిసింది? బాయిలర్ దగ్గర బతికిన మనిషి! నాకు కొత్త భయం పట్టుకుంది. నొప్పి మళ్లీ వస్తోందేమో, నాకు చెప్పకుండా దాస్తున్నాడేమో అని.

మొన్న అన్నాలయ్యాక ఆ మాటే నిలదీశాను. "నొప్పొస్తుందా? నిజం చెప్పు. దాచినవంటే నేనూరుకోను."

మంచం మీద నడుం వాల్చాడు. తర్వాత అన్నాడు. "ఆరోజు నువ్వరిచింది నాకు ఇనపడ్డది."

"ఎప్పుడు? పడిపోయినంకనా?"

"అవ్. కదలరాలే గని అంతా ఇనపడ్డది. మొదలు అరిచినప్పుడు దయ్యమొచ్చిందనుకున్న. నవ్వుదామనుకున్న. నోరు రాలే."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"గంతలో టీవీ ఆగింది. నువ్వు ఇంకా అరుస్తనే ఉన్నవ్. అప్పుడు సమజయింది, గా అరుపు సినిమాకు కాదు, నాకని." గోడ వైపు తిరిగాడు. "ఇప్పుడు కండ్లు మూస్తే గదే ఇనపడతంది. నాకు భయమైతందే."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ధైర్యం చెప్పాలి. అట్లాంటప్పుడు పెళ్లాలు ఏదో చెబుతారు. నా దగ్గర ధైర్యం ఎప్పుడన్నా ఉంటే కదా ఇవ్వడానికి!

"నాకూ అయితంది. జరుగు" అని ఆయన పక్కన పడుకున్నాను.